సూదికి సరిపడే డబ్బా

"మిర్యాలగూడ ఆయనకు గా డబ్బ పనికిరాదని చెప్పు. ఇంకో డబ్బ సూడుమను."

"చెప్త గని, ముందు నువ్వు నోరు మూసుకొని పండుకో."

మా ఆలుమగల మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మొదటిది ఆయనది, రెండోది నాది. సూర్యాపేట దవాఖానలో, పొద్దున ఏడు గంటల వేళ. ఆ మాట అని నేను ఫ్లాస్కు పట్టుకుని చాయ కోసం కిందికి దిగాను. పైకి వచ్చేసరికి ఆయన నిజంగానే పండుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో నా మాట విన్నది అదొక్కసారే.

లోకంలో మొగుళ్లు పోయేముందు ఎన్నో మంచి మాటలు చెప్పి పోతారట. పిల్లలు పైలం అంటారు, నిన్ను సుఖపెట్టలేకపోయాను అంటారు. నాకు దక్కింది ఒక రేకు డబ్బా గురించిన మాట. పోనీ అదన్నా సరైన మాటా అంటే, కాదు. తప్పు మాట. ఆ తప్పు మాట పట్టుకుని నేను ఎంత తిరిగానో చెప్పాలనే ఇది రాయిస్తున్నాను.

రాస్తున్నది మా ఆడబిడ్డ, ఆయన చెల్లెలు. బడిలో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెప్పినది చెప్పినట్టు రాయవే అంటే, "గట్ల రాస్తె ఎవరు సదువుతరు వదినె" అని నా మాటలన్నీ ఇస్త్రీ చేసి పెడుతోంది. చెయ్యనీ. మాట మడత మారినా ఫరవాలేదు, సంగతి మాత్రం మారకూడదు.

కళ్లు మందగించి షాపు మానేసి రెండేళ్లయింది. అయినా ఫోన్లు ఆగవు. ఇప్పటి పిల్లలు మళ్లీ రికార్డు ప్లేయర్లు కొంటున్నారు కదా. "ఆంటీ, ఎంఎం కార్ట్రిడ్జికి ఏ ప్రీయాంప్ మంచిది?" అని అడుగుతారు. ఏ ప్లేయరు, ఎక్కడ పెట్టారు, ఏం వైరు వాడారు అని నేను ఎదురు అడిగితే విసుగు వాళ్లకి. "అవన్నీ వద్దు ఆంటీ, ఒక్క పేరు చెప్పండి చాలు" అంటారు. పెళ్లికొడుకు ఎవరో చెప్పకుండా చెప్పులు కొలిచి తెమ్మంటే నేనేం తేను? అందుకే నా అనుభవం వినండి. విన్నాక ఏ డబ్బా కొనుక్కుంటారో మీ ఇష్టం.

మాది సూర్యాపేటలో మైక్ సెట్ల షాపు. సెట్లు కిరాయికి ఇచ్చేవాళ్లం, రేడియోలు, టేపులు, ఆంప్లిఫయర్లు బాగుచేసేవాళ్లం. పేరు ఆయనది. సోల్డరింగ్ చెయ్యి నాది. నేను బల్ల ముందు కూర్చున్నప్పుడు నాకు అక్షరాలు రావు, రంగులు నేర్చుకున్నాను. రెసిస్టర్ మీద చారలుంటాయి. గోధుమ రంగు ఒకటి, ఎరుపు రెండు, నారింజ మూడు. పసుపు, ఊదా, నారింజ వరుసగా కనబడితే నాలుగు, ఏడు, మూడు సున్నాలు, అంటే నలభై ఏడు వేల ఓములు. ఆ మూడు చారలూ మీరు కూడా గుర్తుపెట్టుకోండి. అయస్కాంతం కదిలే సూదికి, అదే మీరు ఎంఎం అంటున్నదానికి, డబ్బా లోపల ఎదురుగా ఉండాల్సింది ఆ నలభై ఏడు వేలే.

నా గొంతు ఇట్లా రేకు గీసినట్టు ఎందుకుందని కొత్తవాళ్లు అడుగుతారు. సోల్డరింగ్ పేస్టు పొగ కొంత. పందిళ్లలో మైకు ముందు నిలబడి "హలో, హలో, ఒకటి, రెండు" అని అరిచిన అరుపులు కొంత. వచ్చినవాళ్లందరూ ఆయన్నే మెకానిక్ అనేవాళ్లు. నన్ను "మెకానిక్ భార్య" అనేవాళ్లు. బాగైన సెట్టు నా చేతి నుంచి తీసుకుంటూ కూడా "సార్ మంచిగ చేసిండమ్మా" అని పోయేవాళ్లు.

ఇక ఆ మిర్యాలగూడ ఆయన సంగతి. రైస్ మిల్లు ఉన్న వ్యాపారస్తుల కుటుంబం. అరవై దాటిన మనిషి. వాళ్ల నాయన పోయాక అల్మారాలో హరికథల రికార్డులు దొరికాయి. వాటిని వినాలని కొత్త ప్లేయర్ ఒకటి, కొత్త ఆంప్లిఫయర్ ఒకటి తెప్పించుకున్నాడు. రెండూ కలిపితే దోమ పాడినట్టు వచ్చింది. పాడక ఏం చేస్తుంది? రికార్డు మీద గీత వేసేటప్పుడు లావు శబ్దాన్ని తగ్గించి, సన్న శబ్దాన్ని పెంచి వేస్తారు. వినేటప్పుడు దాన్ని తిరగేసి, వెంట్రుకంత శబ్దాన్ని తాడంత చెయ్యాలి. పాత ఆంప్లిఫయర్లలో ఆ పని చేసే భాగం లోపలే ఉండేది. కొత్తవాటిలో చాలావాటికి ఉండదు. అందుకే నడుమ ఒక చిన్న డబ్బా పెట్టాలి. ఆ డబ్బానే ప్రీయాంప్.

మా ఆయన మొదటి డబ్బా తెప్పించి పెట్టడానికి పోయినప్పుడు నేనూ పోయాను. మిల్లాయన ఇంట్లో పెద్ద హాలు. ప్లేయర్ ఒక గోడ దగ్గర అద్దాల షోకేసులో, నాయన ఫోటో కింద ఉండాలన్నాడు. ఆంప్లిఫయర్, స్పీకర్లు ఎదుటి గోడకు, టీవీ కింద ఉన్నాయి. కరెంటు ప్లగ్గు అక్కడే ఉంది కాబట్టి మా ఆయన డబ్బాను కూడా అక్కడే పెట్టాడు. ప్లేయర్ నుంచి డబ్బా దాకా గోడ వెంట షీల్డ్ వైరు లాగాడు. మైక్ సెట్టు వాళ్లకు దూరం ఒక లెక్కా? వేదిక మీద మైకు ఉంటుంది, ఆంప్లిఫయర్ పందిరి అవతల ఉంటుంది. నూరడుగుల వైరు మాకు పలుపుతాడుతో సమానం.

మా షాపులో ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. వైరు కొయ్యకూడదు. ఎంత మిగిలినా చుట్టి పెట్టాలి. "కోసిన వైరు మొలుస్తదా?" అనేవాడాయన. రేపటి పందిరి ఇవాళ్టి పందిరికన్నా పెద్దదైతే కోసిన వైరు దేనికి పనికొస్తుంది? మైకు కిరాయిల్లో అది మంచి బుద్ధే. అందుకే మిల్లాయన ఇంట్లో కూడా మిగిలిన పన్నెండడుగుల వైరును ఆయన ముద్దుగా చుట్టి, దారంతో కట్టి, షోకేసు వెనక పెట్టాడు. ఆ వైరుకు పిన్నులు అతికింది కూడా ఆ రోజు ఆయనే. నా చేతికివ్వలేదు. పెద్దింటి పని కదా.

రికార్డు వేశాం. హరిదాసు గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టు వచ్చింది. శ, స అన్నచోట మాత్రం నూనెలో నీళ్లు పడ్డట్టు చిటపట. ఇక చిడతలు! చిడతలంటే గల్లుమనాలి. అవి వంటింట్లో చెక్క గరిటెలు కొట్టుకున్నట్టు టకటకమన్నాయి.

మిల్లాయన మొహం చిన్నబోయింది. "మా నాయిన ఎంబడి చిన్నప్పుడు పోయేది నేను. ముందు వరుసల కూసునేటోళ్లం. చిడతలు గల్లుగల్లుమంటుండె. గిదేంది, గిట్లున్నది?"

"డబ్బది తప్పు" అన్నాడు మా ఆయన, ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా. "మారుస్త."

మార్చలేదు. ఆ వారంలోనే ఛాతీ పట్టేసి దవాఖానలో పడ్డాడు. ఆ తర్వాత సంగతి మొదట్లోనే చెప్పాను.

పదకొండో నాడు భోజనాలయ్యాక మా మరిది, ఆయన తమ్ముడు, గొంతు సవరించుకున్నాడు.

"వదినె, షట్టరు రూము మా ఇద్దరన్నదమ్ములది. అన్న ఉన్నన్నాళ్లు నేను నోరు తెరిచిన్నా? ఇగ నువ్వొక్కదానివి ఏం నడుపుతవ్? గాడ నేను మొబైల్ షాపు పెట్టుకుంట. నువ్వు జర నిమ్మలంగ ఇంట్ల కూసో. బుక్కెడు అన్నం నేను పెడత."

"అన్నం పెడతవ్ సరె, వండేటామెను అడిగినవా?" అన్నాను. అతని భార్య లోపలికి లేచిపోయింది. చుట్టాలు నవ్వారు.

మరిదికి రోషం వచ్చింది. "నవ్వుడు కాదు. అన్న లేని షాపుకు ఎవరొస్తరు? అతుకు పెట్టుడు వేరు, తప్పు పట్టుడు వేరు. తప్పు పట్టేటోడు పోయిండు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకున్నది అబద్ధమైనందుకు కాదు. నాక్కూడా లోపల ఎక్కడో ఆ భయమే ఉన్నందుకు. "ఏ తప్పు పట్టుమంటవ్ చెప్పు" అన్నాను.

"అన్న సగంల ఇడిసిపెట్టిన మిర్యాలగూడ పని ఉన్నది గద. నెల మాసికం లోపల గది సక్కగ చేసి సూపియ్యి. చేస్తివా, షట్టరు దిక్కు కన్నెత్తి సూడ. కాలేదా, తాళంచెవి నా చేతిల పెట్టాలె."

"నేనే సాక్షి" అంది మా ఆడబిడ్డ. అవును, ఇప్పుడు రాస్తున్న ఈ మనిషే.

ఇక్కడ నేను చేసిన తప్పు వినండి. నాకు చెవులున్నాయి, చేతులున్నాయి, ముప్పై ఏళ్ల పని ఉంది. పోయి, కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా తడిమి చూసుకోవాలా వద్దా? చూసుకోలేదు. ఆయన ఆఖరి మాట డబ్బా మార్చమని. పోయినవాళ్ల మాట దాటొద్దు కదా. బతికున్నన్నాళ్లు నేను ఆయన మాట ఒక్కటి వినలేదు. "ఎడమ చానల్ పోయింది" అంటే "ఫ్యూజు సూడు" అనేదాన్ని, పది సార్లలో ఎనిమిది సార్లు ఫ్యూజే అయ్యేది. పోయాక మాత్రం బుద్ధిమంతురాలినయ్యాను. వినక వినక విన్నాను, ఆ ఒక్కసారే ఆయన తప్పు.

ఆయన ఆఖరి మాట చేరవేస్తే, రెండో డబ్బా మిల్లాయనే హైదరాబాదు నుంచి తెప్పించాడు. మొదటిదానికన్నా బరువు, చూడటానికి అందం. పెట్టిన రోజే ఫోను.

"అమ్మా, ఇల్లు కూలిపోతాంది! రికార్డు ఎయ్యంగనే బర్రుమని అరిసింది. మా కుక్క గోడ దుంకి పోయింది."

బస్సెక్కి మిర్యాలగూడ పోయాను. డబ్బా వెనక ఒక మీట ఉంది. సూదులు రెండు జాతులు. ఒకదానిలో అయస్కాంతం కదులుతుంది, ఇంకోదానిలో తీగచుట్ట కదులుతుంది. తీగచుట్ట కదిలేదాని శబ్దం మరీ చీమంత, అందుకని డబ్బా దానికోసం ఎన్నో రెట్లు ఎక్కువ పెంచాలి. మీట అటు పక్కన ఉంది. అయస్కాంతపు సూదిని ఆ పక్క పెడితే, చెవిలో చెప్పే మాటకు నాలుగు హారన్లు కట్టినట్టే. కుక్కే కాదు, ఆ ఇంటివాళ్లు కూడా గోడ దూకాలి.

"గీ సూది ఏ జాతిదో కాయితం మీద ఉండాలె, సూడండి" అన్నాను. మిల్లాయన కాయితం తిరగేశాడు, బోర్లేశాడు, కళ్లజోడు తుడిచాడు. నాకు ఓపిక పోయింది. ప్లేయర్ చెయ్యి పైకెత్తి, సూది ముక్కును వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగాను. ఊడి వచ్చింది.

"అయ్యో, ఇరగ్గొట్టినవా!"

"ఇరగ్గొట్టలె, ఊడదీసిన" అని మళ్లీ తొడిగాను. సూది ముక్క ఇట్లా చేతితో ఊడి వస్తే అది దాదాపు ఎప్పుడూ అయస్కాంతం జాతిదే. తీగచుట్టది ఇట్లా రాదు. రాకపోతే మాత్రం బలవంతం చెయ్యకండి, తర్వాత నన్ను తిట్టకండి.

మీట ఇటు వేశాను. అరుపు ఆగింది. గొంతు వచ్చింది. దాంతోపాటు దుప్పటీ వచ్చింది, గరిటెలూ వచ్చాయి. మొదటి డబ్బాలో ఎట్లా ఉందో అచ్చం అట్లాగే.

ఇంటికొస్తుంటే మరిది ఫోను. "ఏమైంది వదినె? సప్పుడు సక్కగయ్యిందా?"

"కుక్క వాపసొచ్చింది" అన్నాను.

"చిడతలు?"

"ఫోను పెట్టెయ్యి."

రెండు డబ్బాలు, రెండు కంపెనీలు, ఒకటే రోగం. ఏ చిన్నపిల్లకైనా అనుమానం రావాలి, రోగం డబ్బాలో లేదేమోనని. నాకు రాలేదు. రానివ్వలేదు అంటే నిజం. మూడో డబ్బా కోసం కోదాడ పోయాను.

కోదాడలో ఒక పాత రేడియో మెకానిక్ ఉండేవాడు. మా ఆయనతో ఇరవై ఏళ్ల స్నేహం, ఇరవై ఏళ్ల కొట్లాట. ఆంధ్ర వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఏంటమ్మా ఇది, ఇంత తొందరగా వెళ్లిపోయాడు మావాడు. ఇక నేనెవడితో తిట్లు తినాలి? కూర్చో, కూర్చో."

సంగతంతా చెప్పాను. విన్నాడు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ప్లేయర్ నుంచి డబ్బా దాకా వైరెంత పొడుగమ్మా?"

"ఎంతైతే ఏంది? గది మా ఆయన సొంత చేతితోటి చేసింది" అని కసిరాను.

ఆయన ఇంకేం అడగలేదు. పోయినవాడి పనిని వంక పెట్టినట్టవుతుందనుకున్నాడేమో. నేనూ అంతే కదా. ఆ వైరును అనుమానించడమంటే చితి మీద ఇంకో కట్టె వేసినట్టనిపించింది. ఇద్దరం మర్యాద పాటించాం, ఆ మర్యాదతో ఇంకో వారం పోయింది.

"సరే, ఇది తీసుకెళ్లు. అమ్మడం లేదు, వాడి చూడమని ఇస్తున్నాను" అని ఒక డబ్బా చేతిలో పెట్టాడు. "వెనక చూడు, చిన్న చిన్న మీటలున్నాయి. ఒక్కో మీట వేస్తే లోపల ఒక్కో బిళ్ల కెపాసిటర్ కలుస్తుంది. కొన్ని సూదులకి కొంచెం ఎక్కువ కావాలి, కొన్నిటికి తక్కువ. వింటూ వేసుకో. నీ చెవి మీద నాకు నమ్మకముంది. మావాడి చెవి మీద ఏనాడూ లేదు."

ఆ మాట నేను మా ఆడబిడ్డకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తూ వింటోంది. రాయవే, ఆగకు.

మాసికం ఇంకో నాలుగు రోజులుందనగా, ఆదివారం, మరిది తన కారులో మిర్యాలగూడ తీసుకుపోయాడు. ఆడబిడ్డ సాక్షి కాబట్టి వెనక సీట్లో కూర్చుంది. నేను సంచిలో సోల్డరింగ్ ఐరన్, వైరు కోసే కటింగ్ ప్లయర్, పిన్నులు పెట్టుకున్నాను. మరిది అద్దంలోంచి సంచి వైపు చూస్తూనే ఉన్నాడు. తాళంచెవి అందులోనే ఉందనుకున్నాడేమో. అది నా బొడ్లో ఉంది.

మూడో డబ్బాను టీవీ కింద, పాతది ఉన్నచోటే పెట్టాను. రికార్డు వేశాను. అదే దుప్పటి, అవే గరిటెలు.

మరిది సోఫాలో వెనక్కి వాలాడు. ఆ వాలడం చూస్తే ఒళ్లు మండింది.

డబ్బా వెనకకు వంగి ఒక మీట వేశాను. చిడతలు ఇంకా మందమయ్యాయి. రెండోది వేశాను. చిడతలే లేవు, హరిదాసు బస్తాలోంచి పాడుతున్నాడు. మూడోది వేస్తే పాడేవాడెవడో కూడా తెలియలేదు. అన్నీ తీసేశాను. మళ్లీ గరిటెలు.

అక్కడ ఆగాను. బిళ్లలు కలిపిన కొద్దీ మందమవుతోంది. ఒక్క బిళ్ల కూడా లేనప్పుడు కూడా మందంగానే ఉంది. అంటే ఈ డబ్బా దాకా రాకముందే ఎవరో బిళ్లలు కలిపి పెట్టారు. డబ్బాకు ముందు ఏముంది? ప్లేయర్ ఉంది. ప్లేయర్‌కు డబ్బాకు నడుమ ఏముంది?

లేచి షోకేసు వెనకకు పోయాను. వైరు చుట్ట దారంతో కట్టి అట్లాగే ఉంది. షీల్డ్ వైరు నేను ఎన్ని వందల సార్లు చీల్చి ఉంటాను! నడుమ సన్న తీగ, దాని చుట్టూ ప్లాస్టిక్, ప్లాస్టిక్ మీద రాగి జాలీ. రెండు లోహాల నడుమ ఒక అడ్డం. కెపాసిటర్ అంటే ఇంకేంటి? ఒక బిళ్లను సాగదీసి ముప్పై అడుగుల గోడ వెంట పరిచాడాయన. మైకుకు అది ఆనదు, మైకు ఆ బరువు మోస్తుంది. అయస్కాంతపు సూది మొయ్యలేదు. దానికి ఎదురుగా నలభై ఏడు వేలు నిలబడి ఉంటేనే అది తిన్నగా పాడుతుంది. పొడుగు వైరు దాని సన్న శబ్దాన్నంతా దారిలోనే తాగేస్తుంది. మాకు వచ్చిన పనే మమ్మల్ని ముంచింది.

"కటింగ్ ప్లయర్ ఇయ్యి" అన్నాను.

మా ఆడబిడ్డ సంచిలోంచి తీసింది కానీ ఇవ్వలేదు. "ఏం కోస్తవ్ వదినె?"

"వైరు."

"గది మా అన్న ఆఖరుసారి చేతితోటి అతికిన వైరు."

"నాకెరుక. గందుకే ఇన్ని దినాలు దాని దిక్కు సూడలె."

"వైరు కొయ్యొద్దని అన్న ఎన్నిసార్ల..."

"ఎన్నిసార్లన్నడో నీకంటె నాకెక్కువ ఎరుక. ఇటియ్యి."

మిల్లాయన కంగారుగా లేచాడు. "అమ్మా, కోసినంక రాకపోతె?"

"రాకపోతె నా షాపు పోతది. మీదేం పోతది, కూసోండి."

మరిది ఇప్పుడు సోఫాలో ముందుకు జరిగాడు. "వదినె, ఒకపారి ఆలోచన చెయ్యి. పాత డబ్బతోటి ఇంకోపారి..."

"డబ్బలు ఖతం. డబ్బల మాట ఎత్తినోళ్ల నోట్ల సోల్డరు పోస్త."

ప్లేయర్ దగ్గర రెండు మూరలు వదిలి, ఎడమది, కుడిది, రెండు వైర్లూ కోశాను.   పొట్టి ముక్కలకు పిన్నులు అతికాను. డబ్బాను షోకేసులోకి, ప్లేయర్ పక్కకు తెచ్చాను. కరెంటుకు జంక్షన్ బోర్డు పెట్టించాను, ఆ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది. ప్లేయర్ నుంచి వచ్చే సన్నని ఎర్త్ తీగను డబ్బా వెనక ఉన్న స్క్రూకు బిగించాను, లేకపోతే బొయ్యిమని మోగుతుంది. మిగిలిన పొడుగు వైరును డబ్బా నుంచి ఆంప్లిఫయర్‌కు కలిపాను. డబ్బా దాటాక శబ్దానికి బలం వస్తుంది. ఆపైన ముప్పై అడుగులైనా దానికి లెక్క లేదు. అదే వైరు, అదే హాలు. మారింది డబ్బా స్థలం ఒక్కటే.

సూది దించాను.

గల్లుమంది.

మిల్లాయన లేచాడు. సోఫా మీద నుంచి దిగి, నేల మీద, స్పీకర్ల ముందు సక్లముక్లం, అదే బాసింపట్టు, వేసుకుని కూర్చున్నాడు. ఆ మిల్లు, ఆ ఇల్లు, ఆ అరవై ఏళ్లు పక్కన పెట్టి కూర్చున్నాడు. హరిదాసు ఆపి ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. కాసేపటికి లేచి, ఇంట్లోవాళ్లను పిలుచుకొస్తానని లోపలికి పోయాడు.

ఆయన అటు పోగానే నేను మూడో డబ్బా తీసి మొట్టమొదటి డబ్బా, మా ఆయన పనికిరాదన్న డబ్బా పెట్టాను. గల్లుమంది. రెండోది పెట్టాను. గల్లుమంది. మూడో డబ్బాను మళ్లీ దాని స్థానంలో పెట్టేశాను. మరిది చూశాడు. ఆడబిడ్డ చూసింది. 

మిల్లాయన ఇంటిల్లిపాదిని తీసుకొచ్చాడు. అందరికీ వినిపించాడు. ఆ తర్వాత, నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించి అన్నాడు కదా:

"మీ ఆయన ఎంత పెద్ద మెకానిక్ అమ్మా! పోతా పోతా కూడ చెప్పి పోయిండు, డబ్బ మార్సుమని. మార్సంగనే సూడు!"

నేను ఆడబిడ్డ వైపు చూశాను. ఆమె కొంగుతో కళ్లొత్తుకుని, "మా అన్న అంటె గట్లనే" అంది. వైరు కోసేటప్పుడు నా చెయ్యి పక్కనే నిలబడ్డ మనిషి!

నేను నోరు మూసుకున్నాను. మా ఆయన పోయి నెల కూడా కాలేదు. అప్పుడు నోరు మూసుకోవడం న్యాయమనిపించింది. కానీ ఆ పెద్దమనిషికి రెండో డబ్బా కొననవసరమే లేకపోయిందని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అది మా ఆయన తప్పు కాదు, నాది.

కారు మరిదే నడిపాడు. హైవే ఎక్కాక అడిగాడు.

"వదినె, తప్పు వైరుదే గద?"

"అవు."

"వైరు అన్నదే గద?"

"ముందు సూసి నడుపు."

షట్టరు మాట మళ్లీ ఎత్తలేదు, ఆ మట్టుకు మరిది మాట మీద నిలబడ్డాడు. మొబైల్ షాపు ఇంకోచోట పెట్టుకున్నాడు, అక్కడి ఛార్జర్లు కూడా బాగుచెయ్యమని నా దగ్గరికే పంపేవాడు. ఇంకో రోజు పోయి మిల్లాయనకు ఆయన రెండో డబ్బానే తగిలించి, కోదాడ ఆయన డబ్బా వాపసు ఇచ్చి సంగతి చెబితే, "నేను అడిగానా లేదా?" అని బల్ల చరిచి నవ్వాడు, తర్వాత ఏడ్చాడు. కళ్లు మందగించేదాకా షాపు నేను నడిపాను. త్రిపురారం నుంచి, చిలుకూరు నుంచి కూడా జనం వచ్చేవారు. ఎందుకు వచ్చేవారో తెలుసా? "దవాఖాన మంచం మీద పండుకొని తప్పు పట్టిన మెకానిక్ షాపు గిదేనా" అని వచ్చేవారు. ఆ కథ ఊరూరా ఎవరు చెప్పారో నేను చెప్పను. బడిలో పిల్లలకు కూడా చెప్పిందట.

పిల్లలూ, మీరడిగినదానికి ఇదే నా జవాబు. ఏ డబ్బా అని తర్వాత అడగండి. మీ ప్లేయర్ లోపలే డబ్బా దాగి ఉందేమో ముందు చూడండి. కొత్తవాటిలో ఉంటుంది. దాని మీద ఇంకోటి పెడితే మిల్లాయన కుక్క గతే. సూది ఏ జాతిదో చూడండి. నలభై ఏడు వేలు ఉందా చూడండి. డబ్బాను ప్లేయర్ పక్కనే పెట్టండి, నడుమ వైరు రెండు మూరలు దాటనివ్వకండి. ఇవన్నీ సరిగా ఉంటే మామూలు డబ్బా కూడా గల్లుమంటుంది. లేకపోతే బంగారు డబ్బా కూడా గరిటే. ఎవరన్నా, ఎంత పెద్దవాడన్నా, ఆఖరి ఊపిరితో చెప్పినా సరే, మీ చెవి ఒప్పుకోకపోతే వినకండి.

ఇక చాలు. చెప్పాల్సింది చెప్పేశాను. ఏం పంతులమ్మా, ఇందాకటి నుంచి కలం ఆగి ఆగి నడుస్తోందేం? కాయితాలు సర్దకు, ఇటు తిరుగు. సదువు. మొత్తం వద్దు, నాకు ఓపిక లేదు. నేను వైరు కోసిన కాడి నుంచి సదువు. తప్పు మీ అన్నది, పట్టింది నేను అని ఉన్నదా, లేకపోతే గీడ కూడ ఇస్త్రీ చేసినవా? సదువు, నేను వింట.